చెప్పు కిస్సా

మా పిల్లలకి నేను చెప్పే కిస్సాల్లో ఒకటి బాగా హిట్టయింది. దాని పేరు చెప్పు కిస్సా. కరెంటు పోయినా, కారులో దూరం పోతున్నా, పెళ్ళిళ్ళలో చుట్టాల పిల్లలంతా పోగైనా "అబ్బూ, చెప్పు కిస్సా చెప్పు" అంటారు. చెప్పీ చెప్పీ దానికి ఉప్పూకారం బాగానే దట్టించాను.

కిస్సా ఇదీ. 1986, మొహర్రం నెల. నాకు ఎనిమిదేళ్ళు. శావల్యాపురంలో పీర్లు లేచే రోజులు. డప్పులు మోగుతున్నాయి, నా జతగాళ్ళంతా పీర్లచావిడి దగ్గరే ఉన్నారు. సరిగ్గా అప్పుడే అబ్బా కుట్టుమిషను మూసేసి మమ్మల్ని నెల్లూరు రొట్టెల పండగకి బయల్దేరదీశాడు. పీర్లని వదిలేసి రానని నేను గుంజ పట్టుకుని ఏడ్చాను. రైలెక్కిస్తాననేసరికి గుంజ వదిలేశాను.

మా ఊరి మీదుగా అప్పుడు తిరిగేది మీటర్‌గేజి చిన్న బండి. సంతమాగులూరు దాటాక కుడివైపు కోటప్పకొండ కనిపించేది. దాని మూడు శిఖరాలూ ఏ మలుపులో ఎన్ని కనపడతాయో లెక్కపెట్టటం నా పని. నరసరావుపేట, ఫిరంగిపురం, గుంటూరు. అక్కడ దిగి నెల్లూరు బస్సు. ఆ లైను బ్రాడ్‌గేజి అయింది 90ల్లో. ఇప్పుడు నడికుడి నుంచి శ్రీకాళహస్తి పోయే కొత్త లైను కూడా మా ఊరి దగ్గరే వచ్చి కలుస్తోంది. పిల్లలకి ఇవేమీ పట్టవు, "చెప్పు ఎప్పుడు పోయింది అబ్బూ" అని తొందరపెడతారు.

చెప్పు పోయింది స్వర్ణాల చెరువులో. బారా షహీద్ దర్గా ఆ చెరువు గట్టునే ఉంటుంది. పన్నెండుమంది షహీద్‌ల మజార్లు. జనం చెరువు నీళ్ళలోకి దిగి రొట్టెలు మార్చుకుంటారు. మురాద్ తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, మురాద్ ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు. తీరితే మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె. ఏది కావాలో అరిచి అడగాలి. ముసల్మాన్లు ఎంతమందో హిందువులూ అంతమంది, ఎవరి రొట్టె ఎవరు తింటున్నారో అడిగేవాళ్ళు లేరు.

నేను కొత్త చెప్పులతోనే దిగాను. బురదలో ఎడమ చెప్పు కూరుకుపోయింది. వంగి వెతికితే ఎవరిదో ముసలాయన చెప్పు దొరికింది, అదేసుకుని గట్టెక్కాను. కుడికాలికి బాటా, ఎడమకాలికి పడవ. ఇక్కడ నేను లేచి నడిచి చూపిస్తాను, పిల్లలు పడీపడీ నవ్వుతారు.

తర్వాత అసలు ఘట్టం. రాత్రి తిరుగు బస్సు. ఆకలి. అందరూ నిద్రలో ఉన్నారు. అమ్మీ కాళ్ళ దగ్గర సంచిలో జేబురుమాల్లో చుట్టిన రొట్టె ఉంది. కొంచెం తుంచాను. బెల్లం తీపి తగిలింది. ఇంకొంచెం. గుంటూరు వచ్చేసరికి సగం హాంఫట్! "అది ఇంటి రొట్టె బేటా, నేను సగం తినేశాను కాబట్టే మనిల్లు సగమే కట్టారు, మేడమీద గది లేకుండా" అని ముగిస్తాను. నవ్వులే నవ్వులు.

2024 బక్రీద్‌కి అందరం ఊళ్ళో కలిశాం. అబ్బా పోయాక అందరం కలవటం బక్రీద్‌కే. ఖుర్బానీ పంపకాలు అయిపోయాయి, రాత్రి డాబా మీద చాపలేసుకున్నాం. కరెంటు పోయింది, కిస్సా మొదలైంది. ముసలాయన చెప్పు దగ్గర నడక చూపించాను. రొట్టె తిన్నాను. ఇల్లు సగం కట్టాను.

మా పెద్దమ్మాయి అడిగింది. "దాదీమా, నువ్వెప్పుడూ నవ్వవేం?"

అమ్మీ కాసేపు మాట్లాడలేదు. తస్బీ పక్కన పెట్టింది.

"అది ఇంటి రొట్టె కాదు బేటీ. ఆరోగ్యం రొట్టె. మున్నీ కోసం."

నాకొక చెల్లెలుండేది. పేరు రహమత్, మేం పిలిచేది మున్నీ. మూడేళ్ళది. గుండెలో రంధ్రం ఉందని గుంటూరులో డాక్టరు చెప్పాడు, ఆపరేషనుకి మద్రాసు తీసుకెళ్ళమన్నాడు. ఒక దర్జీకి అది ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు. ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో. 1986లో మాకున్నది నెల్లూరు. మున్నీ ఆ చలికాలం దాటలేదు.

మున్నీని నేను మర్చిపోలేదు. కాకపోతే నా బుర్రలో మున్నీ ఒక అరలో, చెప్పు కిస్సా ఇంకో అరలో ఉన్నాయి. నా కిస్సాలో రైలెక్కింది ముగ్గురం. నాలుగోది ఎక్కడ జారిపోయిందో ఖుదాకే తెలియాలి. కోటప్పకొండ శిఖరాలు గుర్తున్నాయి, అమ్మీ చంకలో ఉన్న పిల్ల గుర్తులేదు.

అమ్మీ నెమ్మదిగా చెప్పింది. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్యం రొట్టె అని అరిస్తే ఒకావిడ ఇచ్చిందట, తన కొడుకు బతికాడని చెప్పి. చెరువులోనే మున్నీ నోట్లో ఒక ముక్క పెట్టిందట. మిగిలింది రోజుకింత పెడదామని రుమాల్లో కట్టిందట.

"నువ్వు తింటుంటే చూశాను రా" అంది.

"మరి ఆపలేదే అమ్మీ?"

"ఆకలేసిన పిల్లోడి చేతిలోంచి రొట్టె ఎట్టా లాగేది? మీ అబ్బాకీ చెప్పలా. చెప్తే కొట్టేవాడు."

ముప్పై ఎనిమిదేళ్ళు. ఈ కిస్సా నేను ఆమె ముందే ఎన్నిసార్లు చెప్పుంటాను? ఇరవైసార్లు? ప్రతిసారీ చివర్లో సగం రొట్టె, సగం ఇల్లు అని నవ్వించాను. గొంతు తడారిపోయింది. నేను తినకపోతే అని మొదలుపెట్టాను.

"పిచ్చిమాటలు మాట్లాడకు" అంది అమ్మీ. "మిగిలిన సగం పెడితే ఉమ్మేసింది. దానికి తీపి పడేది కాదు. రొట్టెతో పూడుతుందా గుండెలో చిల్లు? నాకు తెలీదా? తెలిసే పోయాం. ఇంట్లో కూర్చోలేక పోయాం."

మా ఆవిడ దర్గాలకి వెళ్ళదు. అడిగేదేదో అల్లాని నేరుగా అడగాలంటుంది, ఈ విషయంలో అత్తాకోడళ్ళకి ఎప్పుడూ ఇఖ్తిలాఫే. ఆ రాత్రి ఏమీ అనలేదు. లేచి వెళ్ళి అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుంది.

పిల్లలు మాత్రం ఆగలేదు. ఫోటో ఉందా? లేదు. ఎలా ఉండేది? "నీలాగే మొండిది" అని మా పెద్దదాని గడ్డం పట్టుకుంది అమ్మీ. ఏం మాట్లాడేది? రైలుని "తూటూ" అనేదట. గేటు దగ్గర కూత వినిపిస్తే చాలు, ఆయాసపడుతూనే వాకిట్లోకి పరిగెత్తేదట. ఇవేవీ నేనెప్పుడూ వినలేదు. అడిగితే కదా. ఇంట్లో చెప్పేవాణ్ణి నేనే అనుకున్నాను, అమ్మీ వినేదనుకున్నాను.

పొద్దున ఫజర్ అయ్యాక పిల్లల్ని తీసుకుని ఖబ్రస్తాన్‌కి వెళ్ళాను. రాయి లేదు. అమ్మీ చెప్పిన ఆనవాలు పట్టుకుని, వేపచెట్టు నుంచి మూడోది అనుకుని ఫాతిహా చదివాం. మూడోదో నాలుగోదో నాకు ఇప్పటికీ అనుమానమే.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. సంతమాగులూరు దాటగానే చిన్నోడు వెనకసీట్లోంచి "అబ్బూ, చెప్పు కిస్సా" అన్నాడు. వాళ్ళక్క మోచేత్తో పొడిచింది. నేను పర్లేదన్నాను. "రైల్లో మేం నలుగురం" అని మొదలుపెట్టాను.

"మున్నీ ఫుప్పు ఎక్కడ కూర్చుంది?"

తెలీదు. కారు పక్కకి తీసి అమ్మీకి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను.

"కిటికీ పక్కన" అంది అమ్మీ. "నువ్వు కిటికీ ఇవ్వనని గోల చేశావు. మీ అబ్బా నిన్ను ఇవతలికి లాగి దాన్ని కూర్చోబెట్టాడు. ఎక్కడున్నారు? కోటప్పకొండ కనిపిస్తోందా?"

కనిపిస్తోందని చెప్పాడు చిన్నోడు.