బగ్దల్ బీడులో మా గ్లైడర్

మొన్న మనం గ్రూపులో పెట్టిన ఫొటో చూసి చాలామంది "ఇంజన్ లేనిది ఎట్లా ఎగిరింది?" అని అడిగారు. ఒక్కొక్కరికి జవాబు చెప్పేకంటే ఇక్కడే రాసేస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

బీదర్ వాళ్లకు విమానం వింత కాదు. వైమానిక దళం వాళ్ల సూర్యకిరణ్ జట్టు 1996లో పుట్టింది ఇక్కడే. హాక్ జెట్లు నెత్తిమీంచి పోతుంటే మాట వినపడక ఫోన్‌లో "ఆగండి, ఆగండి" అనడం మనకు అలవాటే. అట్లాంటి ఊళ్లో పెరిగిన పిల్లలకు బాల్సా పుల్లలతో చేసిన గ్లైడర్ అంటే మొదట నవ్వే వచ్చింది.

స్థావరం ఉన్న ఊరు కాబట్టి ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికీ లేదు. 2021 డ్రోన్ నిబంధనల కింద ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు రంగులుగా విడదీశారు. ముందు ఆ మ్యాప్ చూశాం, తర్వాత బగ్దల్ వైపు వెళ్లాం. ఠాణాలో చెప్పాం, బీడు యజమాని అణ్ణను అడిగాం. "జొన్న చేలో మాత్రం తొక్కొద్దు" అన్నారాయన. అది న్యాయమే.

మేం కట్టింది కార్ల్ గోల్డ్‌బర్గ్ కంపెనీ వాళ్ల 'జెంటిల్ లేడీ' నక్షా. పాతదే అయినా నేర్చుకునేవాళ్లకు మంచిది. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు రెండు మీటర్లు, బరువు ముప్పావు కిలో. తోకలో రెండే కదిలే భాగాలు: పక్కకు తిప్పే రడ్డర్, పైకీ కిందికీ దించే ఎలివేటర్. పక్కటెముకలు కోయడం, అతికించడం, ఇస్త్రీపెట్టెతో పైన ఫిల్మ్ పరవడం, ఇట్లా రెండు నెలల ఆదివారాలు గడిచాయి. ఎడమ రెక్క మొత్తం ఇంటర్ చదివే మా పిల్లవాడి పనితనం. సామానుకు అందరం చందా వేసుకున్నాం. విరిగితే ఇంకోసారి వేసుకునే ఉద్దేశం ఎవరికీ లేదు, అది అందరికీ తెలుసు.

అసలు పనంతా నేలమీదే ఉంటుంది. రెక్క ముందంచు నుంచి వెడల్పులో మూడో వంతు దగ్గర, రెండు పక్కలా వేలి కొసలు ఆనించి ఎత్తితే గ్లైడర్ సమంగా నిలబడాలి. మాది తోక వాల్చింది. తోక బరువైతే ముక్కు లేస్తుంది, వేగం చచ్చిపోతుంది, ఒక్కసారిగా కూలబడుతుంది. చేపల వలకు కట్టే సీసపు గుండ్లు ముక్కులో ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతే అరవై గ్రాముల దగ్గర నిలిచింది. ఆ తర్వాత ముందు ట్రాన్స్‌మిటర్, ఆ వెనక రిసీవర్ ఆన్ చేసి, ఒకరు దూరంగా నడుచుకుంటూ పోతుంటే తోక మాట వింటోందా అని చూశాం.

మొదట చేత్తోనే విసిరాం. గాలికి ఎదురుగా, అడ్డంగా, ఈటె విసిరినట్టు. పైకి విసరాలని చెయ్యి కొట్టుకుంటుంది గానీ విసరకూడదు. మీటరు కిందికి దిగేలోపు పది మీటర్లకు పైగా ముందుకు జారింది. గడ్డిలో దిగిన చప్పుడు కూడా వినపడలేదు.

ఇక ఎత్తుకు పంపాలంటే రబ్బరు కావాలి. పదిహేను మీటర్ల రబ్బరు గొట్టం, దానికి అరవై మీటర్ల నైలాన్ తాడు, కొసన రింగు. రింగును గ్లైడర్ పొట్ట కింది కొక్కేనికి తగిలించి వెనక్కి లాగి వదలాలి. తాడు బిగువెంతో చెయ్యి పెట్టి చెప్పింది మా మామయ్య. సంక్రాంతి పతంగులు ఎగరేసి ఎగరేసి ఆయన వేళ్లకు ఆ లెక్క వచ్చు. ట్రాన్స్‌మిటర్ ఎవరు పట్టాలన్న మాట వచ్చినప్పుడు కూడా ఆయనే, "రెక్క కట్టినోడికియ్యండి. కంప్యూటర్లో నెలరోజులు ఎగరేసిండు కదా" అన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

వదిలాం. గాలిపటంలాగే లేచింది. తాడు వదులై రింగు జారిపోయాక ఎక్కడా చప్పుడు లేదు. దూరం పోయి మా వైపు తిరిగేసరికి పిల్లవాడు తడబడ్డాడు. ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి మరి. "వాలిన రెక్క వైపే నెట్టురా!" అని మామయ్య అరిచారు. స్టిక్ అటు నెట్టగానే రెక్క లేచింది. నేల తాకేదాకా మేమెవరం ఊపిరి పీల్చలేదు.

మూడోసారి పక్కనున్న దున్నిన నల్లరేగడి మీద రెండు గద్దలు రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయి. నేల వేడెక్కి గాలి పైకి లేచే చోటు వాటికి తెలిసినట్టు మనకు తెలియదు. పిల్లవాడు అటు తిప్పాడు. గ్లైడర్ దిగడం మానేసింది. నాలుగు నిమిషాలు! నవ్విన పిల్లలే "నాకు, నాకు" అని వరస కట్టారు. దిగేటప్పుడు రాయి తగిలి రెక్క కింద ఫిల్మ్ జానెడు చిరిగింది, ఆ రాత్రే ఇస్త్రీ చేసి అతికించాం.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. వచ్చేవాళ్లు టోపీ, నీళ్లు తెచ్చుకోండి. తాడు లాగేటప్పుడు మాత్రం ఎవరూ ఎదురుగా నిలబడొద్దు.