పీఠము - నగరము - ద్వారము

ఆంగ్లదేశమున సామర్సెట్ ప్రాంతంలో వెల్స్ అనే చిన్న ఊరున్నది. జనసంఖ్యను బట్టి చూచినచో దానిని పట్టణమనుటకే సందేహింపవలెను. అయినను అది నగరమే. అందులకు కారణం అక్కడి కెథీడ్రల్, అనగా బిషప్పు పీఠమున్న ప్రధాన దేవాలయం. కెథీడ్రల్ అను మాటకు మూలమైన గ్రీకు పదానికి ఆసనమని అర్థం. మన పీఠ శబ్దార్థమూ అదియే. పీఠము వలన ఊరు నగరమైనది.

ఈ సామ్యమే అమ్రాబాదు పీఠభూమిని గురించి నన్ను ఆలోచింపజేసినది. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారములని సంప్రదాయం. అచ్చంపేట సమీపమున ఉమామహేశ్వరం కొండ మొదలు కృష్ణానది వరకు అమ్రాబాదు అడవులే యాత్రికుని దారి. వెల్స్ పీఠం చుట్టూ ఒక ఊరు వెలసినది. శ్రీశైల పీఠం చుట్టూ ఒక అరణ్యమే ప్రాకారం లేని పురమైనది.

వెల్స్ ఆలయ గాయకులకై 14వ శతాబ్దిలో కట్టిన ఇండ్ల వరుస నేటికిని నిలిచియున్నది. అందుచేత అక్కడి చరిత్రలో బిషప్పులతోపాటు పాడినవారికిని చోటు దక్కినది. మన క్షేత్రచరిత్రలో రాజులకు, దానశాసనములకు లోటు లేదు. కాని మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా, తమ ఇంటి అల్లునిగా భావించి, చైత్ర పూర్ణిమకు సలేశ్వరం లోయలో జాతర జరుపుకొను చెంచులు ఆ చరిత్రలో అధోజ్ఞాపికకే పరిమితులైనారు. వారికి రాతి ఇండ్లు లేవు. పాటలు, కథలు, కాలిబాటలు ఉన్నవి.

పడమటి ద్వారమైన అలంపురంలో 7వ శతాబ్ది నాటి చాళుక్య ఆలయములున్నవి. శ్రీశైలం జలాశయం వలన మునుగనున్న కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అక్కడికే తరలించి నిలిపినారు. గుడిని తరలింపవచ్చును, దారిని తరలింపలేము. నడచినవారి జ్ఞాపకం పోయినచో దారియును పోవును.

2014లో జరిగిన రాష్ట్రవిభజనతో అలంపురం, ఉమామహేశ్వరం తెలంగాణలోను, శ్రీశైలం, తక్కిన రెండు ద్వారములు ఆంధ్రప్రదేశ్‌లోను ఉండిపోయినవి. పరిపాలనకు ఆ హద్దు అవసరమే. పరిశోధనకు కాదు. ద్వారమును విడిచి పీఠచరిత్ర వ్రాయుట, పాదమును విడిచి శ్లోకమునకు అన్వయం చెప్పుట వంటిది. శాసనపాఠములను పరిష్కరించు మన ప్రాచ్య కళాశాలలు, చెంచు వృద్ధుల నోటి కథలను కూడ అంతే శ్రద్ధతో లిఖించి భద్రపరచవలెను. రాయి వేచియుండగలదు, ఆ గళములు వేచియుండలేవు.