చిన్నికి నాలుగు పేపర్లు ఎక్కువయ్యాయి



ఈసారి రాసేది ఉగాది సంబరాల గురించీ కాదు, కల్యాణ మండపం చందాల గురించీ కాదు. ఒక వీడియో గేమ్ గురించి. నవ్వుకోండి, పరవాలేదు. మొదట మేమూ నవ్వాం. మేము అంటే ఇద్దరం, ఆలుమగలం. ఒకరు చెబుతుంటే ఇంకొకరు టైపు చేస్తున్నాం. ఇందులో మా పిల్లవాడి సంగతి కూడా ఉంది. వాడికి చదివి వినిపించి, వాడు సరే అన్నాకే ఇక్కడ పెడుతున్నాం.

మే నెలలో మనవాళ్ల పెళ్లికి వెళ్లాం. పంక్తిలో పక్కన కూర్చున్న ఆమె, "మీవాడు అరియర్ పేపర్లు బాగా రాశాడంటనా?" అని అడిగింది. వాళ్లబ్బాయీ మావాడూ చెన్నైలో ఒకే కాలేజీ. మాకు ఏ అరియరూ తెలియదు. "ఆ, రాశాడు" అని తల ఊపి, ఆకులో ఉన్నదేదో తిని, కోయంబత్తూరు వచ్చేదాకా కారులో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చి అడిగితే బయటపడింది. మూడో సెమిస్టరులో రెండు పేపర్లు పోయాయి. ఫలితాలొచ్చి మూడు నెలలైంది. ఆ రెంటినీ నాలుగో సెమిస్టరు పరీక్షలతో కలిపి మళ్లీ రాశాడు. మాకు మాత్రం చెప్పలేదు. మూడు రోజులు ఇంట్లో అరుపులే. నాలుగో రోజు వాడు లాప్‌టాప్‌లో గేమ్ ఆడుతూ కనబడేసరికి, "ఇందుకే పోయాయి పేపర్లు" అని మాలో ఒకరం మూత మూసేశాం. వాడు అరవలేదు. మెల్లగా మళ్లీ తెరిచి, "నాయనా, అమ్మా, ఇందులో ఒక్క పిల్లను కాలేజీ దాటించి చూపించండి. ఆ తర్వాత ఎంతైనా తిట్టండి" అన్నాడు. పంతానికి కూర్చున్నాం.

ఆ గేమ్ పేరు సిమ్స్ 4. సిమ్స్ మొదటి గేమ్ 2000లో వచ్చింది. ఇందులో శత్రువులూ తుపాకులూ ఉండవు. ఒక ఇల్లు, అందులో మనుషులు. వాళ్లు తినాలి, నిద్రపోవాలి, స్నానం చేయాలి, పని చేసుకోవాలి. తల మీద పచ్చటి రాయిలాంటిది తిరుగుతున్న మనిషిని మనం నడపాలి. వాళ్లు మాట్లాడేది ఏ దేశంలోనూ లేని భాష. మా అవ్వ పక్కన కూర్చుని కాసేపు విని, "మన మాటా కాదు, అరవమూ కాదు, పాపం ఏం చెప్పుకుంటున్నారో" అంది.

ఈ గేముకు అదనపు భాగాలు విడిగా కొనుక్కోవచ్చు. 2019 నవంబరులో వచ్చిన డిస్కవర్ యూనివర్సిటీ అలాంటిదే. బ్రైట్‌చెస్టర్ అనే ఊళ్లో రెండు యూనివర్సిటీలు. ఊరి పేరే పెట్టుకున్న పాతకాలపుది కళలకూ సాహిత్యానికీ పేరుపడ్డది. ఫాక్స్‌బరీ ఇన్‌స్టిట్యూట్ కొత్త కట్టడాలది, సైన్సుకు పేరుపడ్డది. మొత్తం 13 డిగ్రీలు. కంప్యూటర్ సైన్సు, ఫిజిక్సు, వంట, నాటకం, చివరికి విలనీలో కూడా డిగ్రీ ఉంది. డిగ్రీ చేతికి రావాలంటే 12 క్రెడిట్లు. ఒక టెర్ము అంటే గేములో ఒక వారం. టెర్ముకు ఒకటి నుంచి నాలుగు కోర్సుల దాకా తీసుకోవచ్చు. గేములో ఒక నిమిషం మనకు ఒక సెకను, అంటే రోజుకు 24 నిమిషాలు. ఎక్కడా ఆపకుండా మామూలు వేగంతో నడిపితే ఒక టెర్ము మూడు గంటల లోపే అయిపోతుంది.

మూడు గంటల పనే కదా అనుకున్నాం.

మా మొదటి అమ్మాయికి చిన్ని అని పేరు పెట్టాం. ఆమె ఎలాంటిదో, ఆమెకేం ఇష్టమో చూడలేదు. ఫాక్స్‌బరీలో కంప్యూటర్ సైన్సులో చేర్చాం. టెర్ముకు నాలుగు కోర్సులైతే మూడు టెర్ముల్లో డిగ్రీ అయిపోతుంది కదా అని నాలుగూ పెట్టాం. మా లెక్క మాకు బాగానే తోచింది.

తెర కింద ఆరు గీతలుంటాయి: ఆకలి, నిద్ర, స్నానం, బాత్రూము, సరదా, నలుగురితో మాట. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే ప్రమాదం. మేము వాటిని చూశాం కానీ పట్టించుకోలేదు. సాయంత్రం తరగతి నుంచి రాగానే చిన్నిని హోంవర్క్‌కు కూర్చోబెట్టాం. ఆమె లేచి పక్క గదివాళ్ల దగ్గరికి కబుర్లకు వెళ్తుంది. మేము ఆ పని రద్దు చేసి మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెడతాం. నిద్రగీత పడిపోతే కాఫీ తాగించాం. కాఫీ నిద్రను కాస్త ఆపింది కానీ బాత్రూము గీతను దించేసింది. టర్మ్ పేపర్లు, ప్రెజెంటేషన్ బోర్డు అన్నీ వారం చివరికి నెట్టాం. చివరి రెండు రోజులు పాపం ఏడుపు ముఖంతో తిరిగింది. ఒక రాత్రి నడుస్తూ నడుస్తూ నేల మీదే పడి నిద్రపోయింది. మర్నాడు పొద్దున తరగతికి పోలేదు.

నాలుగింట్లో రెండు పాసు, రెండు ఫెయిలు. మార్కుల సగటు తగ్గిందని ప్రొబేషన్ హెచ్చరిక కూడా వచ్చింది. ఇంకోసారి ఇలాగే అయితే కొన్నాళ్లు బయటికి పంపేస్తారు.

మావాడు ఒక్క మాట అనలేదు. వాడేమైనా అనుంటే బాగుండేది. అవ్వ మాత్రం అడిగింది: "ఆ పిల్లకు అన్నం ఎవరు పెడతారు?"

రెండో వాడికి బుజ్జి అని పేరు పెట్టాం. ఈసారి ఒక కాగితం తీసుకుని కూర్చున్నాం. పంపుసెట్టు మోటార్ల ఊరివాళ్లం. ఓవర్‌లోడ్ అయితే మోటారు వేడెక్కి కాయిల్ కాలిపోతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సంగతి పిల్లల దగ్గర ఎందుకు గుర్తురాలేదో తెలియదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ గేమ్ ఆడుతుంటే పనికొస్తుందని, మేము నేర్చుకున్నది వివరంగా రాస్తున్నాం.

మొదటిది, డిగ్రీ కంటే ముందు మనిషిని చూడాలి. బుజ్జికి పుస్తకాల పిచ్చి పెట్టాం కాబట్టి సాహిత్యంలో చేర్చాం. చేరే ముందే ఆ చదువుకు దగ్గరైన నైపుణ్యాలు కొంత పెంచాం. అలా ముందే నేర్చిన పనికి గేము కొన్ని క్రెడిట్లు ఇస్తుంది, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు చేసినప్పుడూ పనికొస్తుంది. లేకపోతే విద్యార్థి రుణం తీసుకోవాలి, అది తర్వాత తీర్చాలి. ఇంటి సంగతే అక్కడా.

రెండోది, నాలుగు కాదు, మూడు కోర్సులు. 12 క్రెడిట్లను మూడుతో భాగిస్తే నాలుగు టెర్ములు. నాలుగేసి తీసుకున్నవాడికంటే ఒక్క వారం ఆలస్యం, అంతే. ఆ ఒక్క వారం మిగుల్చుకుందామని చిన్నిని అంత కష్టపెట్టాం.

మూడోది, పెద్ద పని వారం మొదట్లోనే. టర్మ్ పేపరు రాసి వెంటనే పంపకూడదు. ఒకసారి దిద్దుకుంటే నాణ్యత పెరుగుతుంది, అప్పుడు పంపాలి. ప్రెజెంటేషన్ బోర్డు కూడా అంతే. ఇవి ముందే అయిపోతే చివరి రోజులకు రోజువారీ హోంవర్క్, ఫైనల్ పరీక్ష మాత్రమే మిగులుతాయి.

నాలుగోది, హోంవర్క్ రాత్రి కాదు. నిద్రపోయి లేచి, తిని, మనసు కుదురుగా ఉన్నప్పుడు కూర్చోబెడితే పని తొందరగా, బాగా అవుతుంది. ఏకాగ్రత అనేది ఆ గేములో విడిగా ఒక మానసిక స్థితి. అది వస్తే తెర మీద మనకు రాసి చూపిస్తారు. ఎర్రబడిన గీతలతో ఎంతసేపు కూర్చున్నా అది రాదు.

ఐదోది, వంట ఒకేసారి ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. తినేటప్పుడు నలుగురున్న బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఆకలీ తీరుతుంది, మాటా జరుగుతుంది. చిన్నిని మేము కబుర్ల దగ్గర నుంచి లాక్కొచ్చింది ఎంత తప్పో ఇక్కడ తెలిసింది. ఆ కబుర్లు ఆమెకు ఒక గీత నింపేవి.

బుజ్జి నాలుగు టెర్ములూ దాటాడు. పట్టా పుచ్చుకునే రోజు నల్ల గౌను, టోపీ వేసుకుని నిలబడితే అవ్వ చప్పట్లు కొట్టింది. మాలో ఒకరికి కళ్లు చెమర్చాయి. ఎవరికో చెప్పం.

పంతం గెలిచాం కదా, ఇక తిట్టవచ్చు. తిట్టాలనిపించలేదు. మావాడే మొదలుపెట్టాడు. "చిన్ని ఎందుకు పోయిందో మీకు అర్థమైంది. బుజ్జికి అన్నీ మార్చారు. నన్ను మాత్రం ఎందుకు పోయిందని అడగలేదు. ఎందుకు చెప్పలేదనే అడిగారు."

ఆ రాత్రి వాడు చెప్పింది కొంతే రాస్తాం. ఒక పేపరులో మొదటి నెలే వాడికి పాఠం అందలేదు. అడగడానికి సిగ్గు. అర్థంకాని తరగతిలో కూర్చోలేక మానడం మొదలైంది. హాజరు తగ్గుతుందన్న భయం ఇంకోవైపు. రాత్రి రెండు దాకా చదివి పొద్దున టిఫిన్ వేళకు లేవలేకపోయేవాడు. మేము రోజూ ఫోన్ చేసేవాళ్లం. "తిన్నావా?" అంటే "తిన్నా". "చదివావా?" అంటే "చదివా". రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేసేవాళ్లం. అడిగాం కదా అని మాకు నిశ్చింత.

వాడి తప్పు లేదని చెప్పడం లేదు. మూడు నెలలు దాచాడు. పెళ్లి పంక్తిలో పరాయివాళ్ల నోట వినాల్సి వచ్చింది. ఆ మాట కూడా ఆ రాత్రే వాడితో అన్నాం. "మీకు చెబితే ముందు సంఘంలో తలెత్తుకోలేమంటారని భయపడ్డా" అన్నాడు. మేము సరిగ్గా ఆ మాటే అన్నాం, ఆ మూడు రోజుల్లో, ఒక్కసారి కాదు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంకొకటి కూడా అడిగాడు. "చిన్నికి కంప్యూటర్ సైన్సు ఎవరు పెట్టారు?" అని. మావాడి బ్రాంచి ఎవరు పెట్టారో మీరు ఊహించగలరు. మార్చుకుంటావా అంటే, వద్దు, ఇప్పుడిప్పుడే కొంచెం పట్టు దొరుకుతోంది అన్నాడు. అది నిజమో, ఫీజులు కట్టింది మేమని మొహమాటమో ఇప్పటికీ మాకు పూర్తిగా తెలియదు. వాడికి ఆరు గీతలు కనబడవు కదా.

గేము గేమే. అక్కడ పాజ్ నొక్కి ఆలోచించుకోవచ్చు, తప్పు చేస్తే పాత సేవ్‌కు వెనక్కి పోవచ్చు. అక్కడ పని అనుకున్నట్టు చేస్తే మార్కు వస్తుంది, ఇక్కడ పేపరు కష్టంగా రావచ్చు, వంట్లో బాగోలేకపోవచ్చు. పైగా ఇరవై ఏళ్ల పిల్లవాడిని బుజ్జిలా నడపాలనుకుంటే అది ఇంకో తప్పు. మేము కాగితం మీద టైంటేబుల్ గీసి ఇస్తే మావాడు మర్యాదగా తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం తర్వాత ఉతికిన చొక్కాలో ముద్దై దొరికింది. వాడి టైంటేబుల్ వాడే వేసుకున్నాడు. మాకు చూపించలేదు, మేము అడగలేదు.

ఫలితాలు వచ్చాయి. రెండింటిలో ఒకటి పాసు. రెండోది మళ్లీ పోయింది, నవంబరులో రాయాలి. ఈసారి వాడే ఫోన్ చేసి చెప్పాడు, ఫలితం వచ్చిన గంటలోపే. మొదట మాకు ఏమనాలో తోచలేదు. "పొద్దున టిఫిన్ తిన్నావా?" అనేశాం. వాడు నవ్వాడు.

ఈ సంగతి ఇక్కడ పెట్టడం అవసరమా అని ఇద్దరం చాలా వాదించుకున్నాం. మన సంఘంలో ప్రతి ఏటా రాంకులు తెచ్చుకున్న పిల్లలకు శాలువా కప్పుతాం, ఫోటో పెడతాం. కప్పాల్సిందే. కానీ అరియర్ ఉన్న పిల్లలు కూడా ఆ హాల్లోనే వెనక వరసలో కూర్చుంటారు. వాళ్ల తల్లిదండ్రులూ కూర్చుంటారు, మేము కూర్చున్నట్టే. మీలో ఎవరికైనా ఇలాంటిది ఉంటే, పంక్తిలో వినేదాకా ఆగకుండా ముందే మాట్లాడుకోండి. మాతో మాట్లాడాలన్నా మొహమాటపడొద్దు.

చిన్ని సంగతి చెప్పలేదు కదూ. మావాడు ఆ గేము తీసేయలేదు, పాత లాప్‌టాప్‌లో మాకే వదిలి వెళ్లాడు. ప్రొబేషన్‌లో ఉన్న పిల్లను అలా వదిలేయడం అవ్వకు నచ్చలేదు. ఆదివారం మధ్యాహ్నాలు భోజనాలయ్యాక ముగ్గురం కూర్చుంటున్నాం. పది క్రెడిట్లు మిగిలాయి. టెర్ముకు రెండే కోర్సులు పెడుతున్నాం. సాయంత్రం పక్క గదికి కబుర్లకు వెళ్తే ఆపడం లేదు. రెండు టెర్ములు దాటింది, ఇంకా మూడు ఉన్నాయి.