బోటు బేరం

పాత కుట్టుమిషను కొనేవాడు చక్రం తిప్పి చూస్తాడు. పాత సైకిలు కొనేవాడు బెల్లు కొట్టి చూస్తాడు. పాత ఇల్లు కొనేవాడు గోడ మీద చెయ్యి వేసి, కప్పు వంక చూసి, వాస్తు సంగతి ఎత్తుతాడు. మరి పాత బోటు కొనేవాడు ఏం చెయ్యాలి? నన్నడిగితే, మొట్టమొదట దాని రంగు చూడకూడదు. అమ్మకానికి పెట్టిన బోటు రంగు, అద్దెకిచ్చే ఇంటి సున్నం వంటిది. చెమ్మ దాని వెనకాలే ఉంటుంది.

లెక్కల మేష్టరువి, నీకీ బోట్ల గొడవ ఎందుకయ్యా అంటారేమో. మా నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళినవాడు. మా ఇంట్లో మొదట బడి ముఖం చూసినవాణ్ణి నేను. మా బావ, అంటే అక్క పెనిమిటి, ఇరవై రెండేళ్ళ పాటు విశాఖపట్నం రేవులో ఒకరి బోటు మీద సరంగుగా పనిచేశాడు. 2023 నవంబరు 19 రాత్రి ఆ రేవులో మంటలు లేచి పదుల బోట్లు తగలబడ్డాయి. బావ నడిపే బోటు కూడా వాటిలో పోయింది. యజమాని పెద్దవాడు. ఇంక ఈ వ్యాపారం నావల్ల కాదన్నాడు. బావకా యాభై దాటాయి. మరొకరి దగ్గర మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడమా, సొంతానికి ఓ పాత బోటు చూసుకోవడమా అన్నది మా ముందున్న ప్రశ్న. అక్క దాచుకున్నదీ, నగలు కుదువపెట్టగా వచ్చినదీ, నా ప్రావిడెంటు ఫండులోంచి తీసినదీ కలిపితే 14 లక్షలు తేలింది. కొత్త బోటు మాట తలపెట్టే డబ్బు కాదది.

"14 లచ్చలూ బోటుకే పోస్తే బోటు ఒడ్డునే ఉంటాది బావా" అన్నాడు మా బావ. పాత బోటు కొన్నాక దానికి మరమ్మతు ఉంటుంది. వలలు, తాళ్ళు ఉంటాయి. మొదటి వేటకి డీజిలు, ఐసు, కళాసీల తిండి, అన్నీ ముందే పెట్టుకోవాలి. తెచ్చిన చేప అమ్మి, ఆ ఖర్చు తీసేసి, మిగిలినదే యజమానికీ కళాసీలకీ వాటాలు పడేది. చేప పడకపోతే ఖర్చు మాత్రం యజమాని నెత్తి మీదే. అంచేత బోటుకి 9 లక్షలకి అటూఇటూ, తక్కినది చేతిలో, అని నిర్ణయించాం. పదో తరగతి పిల్లలకి నేను చెప్పే లాభనష్టాల లెక్కలన్నిటికన్నా ఇది గట్టి లెక్క.

అక్క మాత్రం ఒక్కటే షరతు పెట్టింది. "కేబిను బాగుండాల. మనిషి నడుం వాల్చే చోటుండాల. తలుపేసుకుంటే వాన లోపలికి రాకూడదు. లేదా, నా బంగారం నాకిచ్చీండి."

ఈ షరతు గారాబం కాదు. మా తీరాన మర బోటు వేటకి వెళితే పది పదిహేను రోజులు సముద్రం మీదే. ఏడెనిమిది మందికి ఆ చిన్న కేబినే వంటిల్లు, పడకగది, చుక్కాని పట్టే చోటు. పైగా, 1996 నవంబరు 6 రాత్రి కాకినాడ దగ్గర ఒడ్డు దాటిన తుఫాను నాడు వేటలో ఉన్న వందల మంది తిరిగి రాలేదు. వాళ్ళలో మా చిన్న మేనమామ ఉన్నాడు. అక్క ఈ మాట ఎత్తదు. ఎత్తకపోయినా మా ఇంట్లో అందరికీ వినబడుతుంది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. బోటు కొనేవాడికి కూడా ఇదే మంచి కాలం. మరమ్మతులకని బోట్లను ఒడ్డుకి లాగి ఉంచుతారు. నీటిలో ఉన్నన్నాళ్ళూ దాచుకున్న పొట్ట బయటపడుతుంది. 2024 మే నెలలో, ఎండ చల్లబడ్డాక, రోజుకో బోటు చొప్పున చూడడం మొదలుపెట్టాం. మా వెంట బోట్లు కట్టే ముసలి మేస్త్రి ఒకాయన వచ్చేవాడు. ఆయన సరంజామా అంతా ఒక చిన్న సుత్తి, ఒక స్క్రూడ్రైవరు.

మొదటి బోటు 7 లక్షలే అన్నారు. చెక్క మీద ఫైబరు పూత వేసి అద్దంలా ఉంది. మేస్త్రి మాట్లాడకుండా ముక్కు దగ్గర్నుంచి సుత్తితో తడుతూ వెళ్ళాడు. టక్, టక్, టక్. వెనక భాగానికి వచ్చేసరికి ఆ శబ్దం మెత్తబడింది, కుళ్ళిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు. సముద్రంలో చెక్కని తొలిచే పురుగొకటుంది. పురుగంటారు గాని నిజానికి ఆల్చిప్పల జాతిది. పిల్లగా సూదిమొనంత రంధ్రం చేసుకుని లోపలికి పోయి, అక్కడే పెరుగుతూ సొరంగాలు తవ్వుతుంది. పైకి పలక నిక్షేపంలా ఉంటుంది. తడి చెక్క మీద వేసిన పూత ఆ తడిని లోపలే ఉంచి చెక్కని కుళ్ళబెడుతుంది. మేస్త్రి చెయ్యి దులుపుకుని, "ఇది బోటు కాదు మాస్టారూ, పెట్టె" అన్నాడు.

రెండో బోటు నీటిలోనే కట్టి ఉంది. ఈసారి అక్క కూడా వచ్చింది. ఆ కేబిను చూసి ఆమె ముఖం విప్పారింది. రెండు బల్లలు, కిటికీకి అద్దం, దేవుడి పటానికి చిన్న అర, నిలబడితే తల తగలనంత ఎత్తు. పాత యజమాని రెండడుగులు పెంచి కట్టించాడట. "ఇదే" అంది అక్క.

బావ ఏమీ అనలేదు. నలుగురు కుర్రాళ్ళని ఒక పక్క అంచున నిలబెట్టి, అందరినీ ఒక్కసారి అటూ ఇటూ ఒరగమన్నాడు. బోటు ఊగడం మొదలుపెట్టాక ఆగమన్నాడు. నేను గడియారం చూస్తున్నాను. బోటు ఒక పక్కకి ఒరిగి, అక్కడ కొంచెం ఆగి, తీరిగ్గా లేచింది. మళ్ళీ రెండో పక్కకి ఒరిగి, మళ్ళీ ఆగింది. దానికి తలబరువు ఎక్కువైంది. పైన బరువు పెరిగినకొద్దీ, ఒరిగిన బోటుని నిటారుగా నిలబెట్టే బలం తగ్గుతుంది. ఊగుడు నెమ్మదిస్తుంది. ఎక్కినవాడికి హాయిగా ఉయ్యాలలాగే ఉంటుంది. అల పెద్దదై, డెక్కు మీదికి నీరు చేరిన రోజున అది లేవదు.

"సటుక్కున లేచే బోటు నడుం నొప్పి పెడతాది. ఆలోచించి లేచేది మనిషిని ఉంచదు" అన్నాడు బావ, అక్క వంక చూడకుండా. అక్క ఆ కిటికీ అద్దాన్ని ఒకసారి చేత్తో తడిమింది. "పదండి" అంది.

మూడోది పన్నెండేళ్ళ టేకు బోటు. కేబిను చిన్నది. ఇద్దరు కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. వెనక రెండు పలకల్లో మేకుల చుట్టూ ఎర్రటి తుప్పు చారలు కనిపించాయి. మేకులు తినేస్తున్నాయని దాని అర్థం. "రెండు పలకలు మారిస్తే సరి, తక్కినదంతా గంటలా మోగుతోంది" అన్నాడు మేస్త్రి.

ఇంజను దగ్గరికి వెళ్ళగానే బావ దాని మీద అరచెయ్యి వేశాడు. వేడిగా ఉంటే తిరిగి వచ్చేసేవాళ్ళం. ముందే కాసేపు నడిపి ఉంచితే ముసలి ఇంజను కూడా పడుచుదానిలా లేస్తుంది. చల్లగానే ఉంది. తిప్పగానే కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోయింది. నీలిపొగ ఆగకుండా వస్తే లోపల ఆయిలు మండుతోందన్నమాట. నల్లపొగ అయితే డీజిలు సరిగా కాలడం లేదు. ఆయిలు పుల్ల తీసి చూశాం. అది పాలు పోసిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టే. ఇక్కడ నల్లగానే ఉంది. పంకా ఇరుసు బోటు దాటే చోట చుక్కచుక్కగా నీరు కారుతుంటే నేను కంగారుపడ్డాను. బావ నవ్వాడు. ఇరుసు తిరిగేటప్పుడు ఆ చుక్కలు పడాలట, అవే దాన్ని చల్లబరుస్తాయట. ధార కడితేనే భయం.

కాగితాల పని నాది. రిజిస్ట్రేషను అమ్మేవాడి పేరునే ఉందా, బ్యాంకు అప్పు తీరిందా, 1994 నాటి సముద్ర వేట చట్టం కింద లైసెన్సు ఉందా, భీమా ఎప్పటిదాకా అన్నీ చూశాను. పదిన్నర చెప్పారు. పలకలు చూపించి, నాలుగు రోజులు తిరిగి, 9 లక్షల 25 వేలకి కుదుర్చుకున్నాం.

అప్పుడు అక్క కేబిను పని చేతిలోకి తీసుకుంది. గ్యాసు సిలిండరు కేబిను లోంచి తీయించి డెక్కు మీద పెట్టించింది. వంటగ్యాసు గాలికన్న బరువు. లీకైతే పైకి పోదు, బోటు అడుగున చేరి నిప్పు కోసం కాచుకుంటుంది. లైఫ్ జాకెట్లు ఐసు పెట్టె కింద కాకుండా తలుపు పక్కన మేకులకి వేలాడదీయించింది. తలుపు గొళ్ళెం లోపలనుంచీ బయటనుంచీ తీసేలా మార్పించింది. గోడ మీద కోస్టుగార్డు నంబరు 1554 పెద్ద అంకెల్లో నా చేత రాయించింది. దేవుడి పటానికి అర మాత్రం మానలేదు.

నిషేధం తీరాక బావ సముద్రం మీదికి వెళ్ళాడు. పదకొండో రోజున తిరిగి వచ్చాడు. ఖర్చులు పోను, కళాసీల వాటాలు పోను, కుదువ అప్పుకి మొదటి వాయిదా కట్టేంత మిగిలింది. ఘనమైన వేటేం కాదు. అయినా మనిషి ఇంటికి వచ్చాడు, బోటు వచ్చింది.

ఆ సాయంత్రం "కేబిన్లో నిద్ర బాగా పట్టిందా బావా?" అని అడిగాను. బావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. వాన పడిన రెండు రాత్రులు తప్ప డెక్కు మీదే పడుకున్నాడట. అక్కడే గాలి బాగుంటుందట. ఈ సంగతి అక్కకి ఇంకా తెలియదు. ఈ సంచిక ఇంటికి వచ్చేవేళకి బావ మళ్ళీ వేటలో ఉంటే బాగుండునని నా కోరిక.