నీరుకొలది మీనం

ఇంటి ముందుగదిలో గాజుతొట్టె, అందులో రంగురంగుల చేపలు ఉంటే చూపరుల కన్నులకు విందే. అయితే ఆ తొట్టెలో ఎన్ని చేపలను ఉంచాలో నిర్ణయించవలసినది నీరే. ‘నీరుకొలది తామర’ అన్న సామెత చేపలకు మరింతగా వర్తిస్తుంది.

చేప తిన్నచోటనే విసర్జిస్తుంది. దాని మొప్పల నుండి నిరంతరం అమ్మోనియా వెలువడుతూ ఉంటుంది. చెరువులో అది విశాల జలరాశిలో కలిసి పలచబడుతుంది, తొట్టెలో విషమవుతుంది. ఇసుకలోను, వడపోత పరికరంలోను స్థిరపడే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైట్‌గా, పిదప అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ జీవులు తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. తొట్టె కొన్ననాడే డజను చేపలను వదిలిన ఇంట అవి ఒక్కొక్కటిగా చచ్చి తేలడానికి తరచు ఇదే కారణం.

60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల తొట్టెలో 54 లీటర్లు పట్టాలి. ఇసుకకు, రాళ్లకు, పైన విడిచే ఖాళీకి పోగా మిగిలేది సుమారు 45 లీటర్లు. గాలన్ నీటికి అంగుళం చేప అన్నది పాత లెక్క. ఆ ప్రకారం ఇందులో అంగుళం చేపలు 12 ఉండవచ్చు. అంతమాత్రాన 12 అంగుళాల చేప ఒకటి ఉండగలదా? పొడవు రెట్టింపయితే చేప బరువు సుమారు 8 రెట్లవుతుంది. ఆహారం, విసర్జనం కూడ అనేక రెట్లు పెరుగుతాయి. కనుక కొన్ననాటి పొడవును గాక, ఎదిగిననాటి పొడవును గణించాలి. అంగుళం పొడవుతో ఇల్లు చేరిన బంగారుచేప 20 సెంటీమీటర్లకు ఎదగగలదు. గప్పీల జంటకు ఇంచుమించు నెలనెలా పిల్లలు పుడతాయి. నియాన్ టెట్రాలు గుంపుగా బ్రతికే జాతి. వాటిని ఒకటి రెండుగా ఉంచడమూ హింసే. ఒక్క బంగారుచేపకు చాలని ఈ తొట్టె ఆరు నియాన్ టెట్రాలకు హాయిగా సరిపోతుంది.

తెలుగునాట వేసవిని కూడ ఈ లెక్కలో చేర్చాలి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. మే నెల రాత్రి కరెంటు పోయి గాలిపంపు ఆగితే, కిక్కిరిసిన తొట్టెలోని చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తాయి. కొద్ది చేపలున్న తొట్టె ఆ గడియలను దాటగలదు. గృహస్థు తన లెక్కను అటువంటి రాత్రికి సరిపోయేటట్లు వేసుకోవాలి.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపలు, మొక్కలు, నత్తలు ఒకే నీటిలో పరస్పరం తోడ్పడుతూ మనగల సమతౌల్యాన్ని వివరించాడు. ఆయన ఎంచుకున్నవి రెండే రెండు చిన్న బంగారుచేపలు.

చెరువులోని చేపకు చోటు ఇరుకైతే మరొక వైపునకు ఈదిపోగలదు. తొట్టెలోని చేపకు ఆ అవకాశం లేదు. దానిని అక్కడ ఉంచినవాడే దానికి బదులుగా ఆలోచించాలి. దుకాణంలో మరొక అందమైన చేప కంటబడినప్పుడు, ఇంటనున్న నీటిని తలచుకొని వట్టి చేతులతో తిరిగి రాగలవాడే వాటికి నిజమైన ఆప్తుడు.