బీరువాలోని సర్టిఫికెట్లు

రాత్రి రెండు గంటలు. ఎనిమిది గంటలకొకసారి ఇవ్వవలసిన జెంటామైసిన్ సూదిమందు చేతిలోనికి తీసుకొని నర్సు ఆగిపోయింది. రోగి వృద్ధుడు. సాయంకాలం వచ్చిన రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉన్నది. మూత్రపిండాలు నీరసించినవారికి ఆ మందు ఆ మోతాదులో తగదు. డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది. "వ్రాసింది ఇవ్వండి సిస్టర్" అని ఆయన పెట్టివేశారు. రెండవసారి చేస్తే ఎత్తలేదు.

ఇస్తే రోగికి హాని, ఇవ్వకుంటే ధిక్కారం. రేపు ఏదైనా జరిగితే సూది వేసిన చేయి ఎవరిదని ముందుగా అడుగుతారు. ఉద్యోగం మానుకొనిపోదామన్నా దారి లేదు. చేరిన నాడే పదవ తరగతి మొదలు నర్సింగు రిజిస్ట్రేషను వరకు అసలు పత్రాలన్నీ ఆఫీసువారు పుచ్చుకొని బీరువాలో పెట్టారు. రెండేళ్ళ బాండు. మధ్యలో వదిలితే డబ్బు కట్టాలి. అంత డబ్బే ఉంటే ఆమె ఈ జీతానికి వచ్చి ఉండేదే కాదు. ఆ కాగితాలు లేనిదే మరొక ఆసుపత్రి చేర్చుకోదు, గల్ఫు ప్రయాణమూ సాగదు.

బాండు పద్ధతి కూడదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2011లోనే చెప్పింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కేరళలోను, ముంబయిలోను ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు సమ్మెకు దిగారు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట కేంద్రం నియమించిన కమిటీ, చిన్న ఆసుపత్రులలో సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనీ, 200 పడకలు మించినచోట ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. అమలు మాత్రం రాష్ట్రాలకు వదిలారు. కేరళ 2018లో ఆ 20,000 కనీస వేతనంగా ప్రకటించింది. మంచిదే. కాని అర్ధరాత్రి ఫోను పెట్టివేసే అధికారాన్ని ఏ కమిటీ లెక్క కట్టగలదు?

ఆమె సూది వేయలేదు. ఫోను చేసిన రెండు వేళలూ రిజిస్టరులో వ్రాసి సంతకం చేసింది. ఉదయం రౌండ్సుకు వచ్చిన పెద్ద డాక్టరు పరీక్ష ఫలితం చూచి, మాటాడకుండా మందు మార్చివేశారు.

పిలిపించినది నర్సింగ్ సూపరింటెండెంటు. ముప్పై ఏళ్ళ క్రిందట ఆవిడా ఇటువంటి వార్డులోనే చీవాట్లు తిని పైకి వచ్చిన మనిషి. "డాక్టరుగారు వ్రాసినది ఆపడానికి నువ్వెవరమ్మా?" అన్నది. రోగి ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు.

మరుసటి నెల డ్యూటీ చార్టు గోడకు అంటించారు. ఆమె పేరు ఎదుట అన్నీ రాత్రులే.