నెమలిగ్రుడ్లు

మన సాహిత్యమున నెమలికి గల గౌరవము మిక్కిలి కొలది పక్షులకే గలదు. అది కుమారస్వామికి వాహనము, గోపాలునకు శిరోభూషణము, తొలకరికి వైతాళికము. మేఘసందేశమున యక్షుని యింట నొక నెమలి యున్నది. యక్షపత్ని చేతి కడియములు మ్రోగునట్లు తాళము వేయుచు దాని నాడించును. అయితే ఈ ప్రశంస యంతయు మగనెమలి పింఛమునకే చెల్లినది. మట్టిరంగు రెక్కలతో గడ్డిచాటున నిరువది యెనిమిది దినములు కదలక మెదలక గ్రుడ్లపై కూర్చుండు ఆడునెమలిని తలచినవా రరుదు. పొదుగుటలో గాని, పిల్లలను సాకుటలో గాని మగపక్షి రవంతయు తోడ్పడదు. కవులను మాత్రమే నిందింప నేల? మన యిండ్లలోను కనబడు వేడుక కొకరికి మెప్పు, కనబడని చాకిరి కొకరికి అలవాటు అయియే యున్నవి గదా!

గడచిన వర్షాకాలమున నాయొద్ద చదువు నెనిమిదవ తరగతి బాలు డొకడు బడి విడిచిన పిమ్మట నిలిచి, “మాస్టారూ, మా కందిచేని గట్టుమీద నెమలిగుడ్లు అయిదున్నాయి. మా నాయనమ్మ కోడికింద పెడదామంటోంది. పెట్టమంటారా?” అని యడిగెను. వాని తండ్రి పశువులకు గడ్డి కోయుచుండగా కొడవలికి జానెడు దూరమున ఆడునెమలి లేచిపోయెనట. కుక్కలు తిరుగు చోటు. గ్రుడ్లు వ్యర్థమగునని ముసలమ్మ దిగులు. “ఇప్పుడున్నవాటికే గింజ మిగలడం లేదు, ఇంకా పిల్లల్ని కూడా పెంచాలా?” యని తండ్రి విసుగు. రెండును న్యాయమైన మాటలే. కావున ఆ సాయంకాలమే వారి యింటికి పోయితిని.

ముసలమ్మ వసారా మూలనున్న గంపను చూపెను. వరిగడ్డిపై నొక నాటుకోడి పదునొకండు గ్రుడ్లను పొదుగుచున్నది. ప్రక్కనే యొక ఇనుపముక్కయు, నొక బొగ్గును గలవు. ఉరిమినపుడు గ్రుడ్లు మురిగిపోకుండుటకట. అవి యట్లుండనిండు; మిగిలిన విషయముల నామె విద్య నిక్కమైనది. పొదుగుకోడిని దినమున కొక్కమారు మేతకు దింపవలెననియు, గ్రుడ్లను తడిచేతితో తాకరాదనియు, పిల్ల పెంకును పొడుచుకొని వచ్చునపుడు తొందరపడి పెంకు వలువరాదనియు నామె యెరుగును. ఈ కడపటి నియమమునకు శాస్త్రము చెప్పు కారణ మేమనగా, పిల్ల వెలువడుటకు ముందు పచ్చసొన శేషమును కడుపులోనికి తీసికొనవలెను. పెంకులోపలి పొరయందలి నెత్తురు పిల్లలోనికి చేరవలెను. ఆత్రముతో సాయపడు చేయి ఆ పిల్లను చంపును.

కోడి రొమ్ముక్రింద జరుగు పనిని యంత్రముతో చేయుట క్రొత్త కాదు. ఐగుప్తుదేశస్థులు గ్రుడ్లను కోడి లేకయే వెచ్చదనమున పొదిగింతురని అరిస్టాటిల్ వ్రాసియున్నాడు. పరాసు పండితుడు రియోమ్యూర్ 1749లో ఈ విషయమున గ్రంథమే ప్రకటించెను. నేటి యంత్రములు సుమారు 37.5 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమును, తగిన తేమను కాపాడుచు, గ్రుడ్లను దినమునకు పలుమారులు త్రిప్పును. త్రిప్పనిచో పిండము పొరకు అంటుకొనిపోవును. చివరి మూడు దినములు త్రిప్పుట మాని తేమ పెంచుదురు. కోడికి ఉష్ణమాపకము లేదు. ఈక లూడి బోసియైన రొమ్ముచర్మమే దానికి మాపకము.

ఆ రాత్రి అట్టముక్కకు రంధ్రము చేసి, దానివెనుక టార్చిదీపము పెట్టి, ఏడు దినములు పొదిగిన గ్రుడ్డొకటి చూపితిని. లోపల నల్లని చుక్కయు, దానినుండి నలుదెసల ప్రాకిన యెఱ్ఱని దారములును కనబడినవి. బాలుని అక్క, పదవతరగతి చదువునది, పదునొకండింటిని పరీక్షించి రెండు వట్టివని తేల్చి నోటుపుస్తకమున వ్రాసికొనెను.

ఇక నెమలిగ్రుడ్ల మాట. నెమళ్లను పెంచుట చట్టసమ్మతమైన పాశ్చాత్యదేశములలో వానిని యంత్రమునను, కోడిక్రిందను పొదిగించువారు గలరు. కాని కోడిగ్రుడ్లకు 21 దినములు, నెమలిగ్రుడ్లకు 28 దినములు. రెండును కలిపి పెట్టిన, కోడి తన పిల్లలతో లేచిపోవును, నెమలిపిండములు చల్లబడి చచ్చును. ఈ మాట నేను చెప్పకమున్నే, “అవును పంతులుగారూ, పిల్లలు దిగ్గానే అది గంపలో కూచోదు” అని ముసలమ్మయే యొప్పుకొనెను. వేరుగా పెట్టినను మరియొక చిక్కు గలదు. కోళ్ల ప్రేగులలోని యొక పురుగుగ్రుడ్లద్వారా వ్యాపించు సూక్ష్మజీవి కోడికి పెద్దగా హాని చేయదు గాని, నెమలిపిల్లల కాలేయమును పాడుచేసి చంపును. కోడి తిరిగిన పెరడే వానికి విషభూమి.

శరీరము బ్రదికినను స్వభావము చెడవచ్చును. వియన్నా జంతుశాలలో జరిగిన యొక విషయమును కాన్రాడ్ లోరెంజ్ వ్రాసినాడు. చలికి తోబుట్టువులన్నియు చావగా మిగిలిన యొక తెల్లనెమలిపిల్లను వెచ్చని గదియని పెద్దతాబేళ్లయొద్ద నుంచిరట. అది పెరిగి పెద్దదై, ఆడునెమళ్లను కన్నెత్తి చూడక, జీవితాంతము తాబేళ్లయెదుటనే పురివిప్పెనట! ప్రాణము నిలిపిరి, జాతిని మరపించిరి. తల్లి ముక్కుతో చూపిన పురుగును తినుట, తల్లి కేకకు గడ్డిలో నణగుట యను విద్యలను ఏ గంపయు నేర్పజాలదు.

ఇంతలో బాలుడు, “మగనెమలి కన్నీరు తాగితేనే ఆడనెమలి గుడ్డు పెడుతుందంటారు, నిజమేనా?” యని యడిగెను. వాని నేల తప్పుపట్టవలెను? 2017లో ఒక ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తియే పదవీవిరమణ దినమున పత్రికలవారితో ఈ మాట పలికెను. నెమళ్లును తక్కిన పక్షులవలెనే జతకూడును. బ్రహ్మచర్యముచేత పవిత్రమైనదని కాదు, ప్రాణి గనుకనే దానిని కాపాడవలెనని చెప్పితిని.

కాపాడవలెనన్న తలపు ఈ దేశమున ప్రాతది. కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి బండలపై నేటికిని నిలిచియున్న అశోకుని మొదటి శాసనమున, రాజు వంటశాలలో దినమునకు రెండు నెమళ్లును నొక జింకయు మాత్రమే చంపబడుచున్నవనియు, మీదట నవియును చంపబడవనియు నున్నది. తన వంటింటినుండి సంస్కారము మొదలుపెట్టిన రాజాతడు. 1963లో నెమలి మనకు జాతీయపక్షి యాయెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దానిని మొదటి షెడ్యూలున చేర్చినది. గూటిని కదల్చుటయు, గ్రుడ్లను పాడుచేయుటయు ఆ చట్టము దృష్టిలో వేటయే. కావున గ్రుడ్లను జాలిచేతనైనను ఇంటికి తేరాదు. ఆపద తప్పనిదైన అటవీశాఖవారికి తెలుపవలెను.

ఇది వినిన తండ్రి, “చట్టం నెమలికుంది. మా కందికేదీ?” అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సిద్ధమైన సమాధానము లేకుండెను. రైతు నష్టమును లెక్కింపక జాతీయపక్షిని పొగడుట పట్టణవాసికి సులభము. పొగడ్త మనది, గింజ వానిది. కొన్నిచోట్ల విసిగినవారు విషపుగింజలు చల్లుటయు గలదు. పరిహారమడుగు విధమును కనుగొని అర్జీ వ్రాసిపెట్టెదనని మాత్రమే మాట యిచ్చితిని. ఇచ్చిన మాటప్రకారము వ్రాసితిని.

అతడు మరునాడు గూటిచుట్టు రెండు గజముల గడ్డిని కోయక విడిచెను. కుక్కను కట్టివేసెను. దూరమునుండి చూడగా ఆడునెమలి తిరిగివచ్చి కూర్చుండియుండెను. పదునారు దినములకు గూడు ఖాళీ యయ్యెనని బాలుడు పెంకులను చూచివచ్చి చెప్పెను. నక్కయో పామో తినెనా, పిల్లలే వెలువడెనా యని వాని సందేహము. “బోడివైపున చుట్టును కోసినట్లు మూత యూడియున్నదా?” యంటిని. నాలుగు పెంకులట్లే యున్నవట. అయిదవది చెదరక మిగిలినదట. నాలుగు పిల్లలు తల్లివెంట నడచిపోయినవన్నమాట.

ఈలోపల గంపలోని తొమ్మిదింట ఎనిమిది కోడిపిల్లలు దిగినవి. ఇనుపముక్క మహిమయేయని ముసలమ్మ, కాదని మనుమరాలు. ఈమారు రెండు కోళ్లను పొదుగవేసి, ఒక గంపలోనే ఇనుము నుంచి, లెక్క వ్రాయుదమని ఆ బాలిక సూచించినది. నాయనమ్మ యొప్పుకొన్నది గాని, ఇనుము ఏ గంపలో నుండవలెనో తానే చెప్పుదునన్నది. ఒక్కమారుతో తేలదనియు, పలుమారులు చేసి చూడవలెననియు నేను చెప్పితిని. నోటుపుస్తకమున నింకను చాల పుటలు ఖాళీగా నున్నవి.